గురువారం గదిలో చెమ్మ

బైబిలు లేఖనాల్లో ఇంటి గోడల గురించి ఒక అధ్యాయం ఉంది. ఊహ తెలిసినప్పటి నుంచి మందిరంలో కూర్చుంటున్నాను గాని, దాని మీద ఒక్క ప్రసంగం కూడా వినలేదు. గోడ మీద పచ్చగానో ఎర్రగానో పొడ, అంటే మచ్చ, కనిపిస్తే ఇంటివాడు పూజ చేయించే యాజకుడికి కబురు పెట్టాలి. ఆయన రాకముందే సామానంతా బయట పెట్టాలి. ఆయన చూసి, ఇల్లు ఏడు రోజులు మూయించాలి. అప్పటికీ పొడ పాకితే ఆ రాళ్లు పీకించి, గోడ గీకించి, రాలిన పెళ్లలను ఊరి బయట పోయించాలి. తరువాత కొత్త రాళ్లు, కొత్త మట్టి. ధర్మశాస్త్రాన్ని వరుసగా చదివే భక్తులు కూడా అక్కడికి రాగానే కొంచెం వేగం పెంచుతారు. ఆదివారం బడిలో పెద్ద పిల్లలకు చెప్పాల్సి వచ్చేది కాబట్టి నేను ఆగి చదివాను. ఆ యాజకుడి పని ఒకరోజు నాకే తగులుకుంటుందని మాత్రం అనుకోలేదు.

పోయిన వానాకాలంలో ఒక పొద్దున మిర్యాలగూడ నుంచి మా చెల్లెలు ఫోన్ చేసింది.

"అన్నా, నువ్వొకసారి రావాలె. గోడకు వచ్చింది."

"ఏమొచ్చింది?"

"అదే, వాక్యంల ఉంటది సూడు. పొడ."

"చెమ్మ అయ్యుంటదమ్మా. మేస్త్రీని పిలువు."

"మేస్త్రీకి వాక్యం తెలుస్తదా? నువ్వు సంఘ పెద్దవు. నువ్వు సూసి చెప్పు."

నేను సూర్యాపేటలో బడిపంతులుగా చేసి దిగిపోయినవాణ్ణి. సంఘంలో పెద్దరికం ఇంకా దిగలేదు. బస్సెక్కాను.

ఆ ఇంటికి ఎప్పుడు వెళ్లినా గేటు తీసేది మా చెల్లెలి కోడలు. "వందనాలు పెద్దనాయనా" అంటూ చేతిలో మంచినీళ్ల గ్లాసుతోనే వచ్చేది. ఆ రోజు మా చెల్లెలే వచ్చి తీసింది.

"పిల్లేది?"

"మోతె పోయింది, వాళ్లమ్మగారింటికి."

"ఎప్పుడొస్తది?"

"గోడ సంగతి తేలినంక."

గోడకూ కోడలికీ సంబంధమేమిటో నాకు అప్పుడు అర్థం కాలేదు. ముందు గోడ చూడమంది.

ఆ ఇంటి ముందుగదిని అందరూ గురువారం గది అంటారు. ప్రతి గురువారం అక్కడ ఆడవాళ్ల ప్రార్థన కూడిక జరుగుతుంది. నిడమనూరు నుంచి, పెద్దవూర నుంచి కూడా బస్సుల్లో వస్తారు. ఒకప్పుడు పక్కింటాయన వచ్చి, బిడ్డకు పరీక్షలున్నాయి, జర మెల్లగా పాడుకోండమ్మా అని బతిమాలాడు. మా వాళ్లకు అన్ని వరాలూ ఉన్నాయి గాని మెల్లగా పాడే వరం లేదు. అందుకని పొరుగువాడి మీద ప్రేమతో కిటికీలు మూసేశారు. మూసిన కిటికీలకు లోపలి నుంచి మందపాటి స్పాంజి షీట్లు కొట్టించారు. ఉక్కపోస్తోందంటే ఏసీ వచ్చింది. ఆ తరువాత లోపల ఎంత భారంతో ప్రార్థించినా బయటికి ఒక్క అక్షరం పోలేదు. "పక్కింటాయన ఇప్పుడు ఎదురుపడితే నవ్వుతడు అన్నా" అని మా చెల్లెలు దాన్ని దేవుడు చేసిన మేలుగా, సాక్ష్యంగా చెప్పేది.

నేను వెళ్లేసరికి ఆ గదిలో ఉత్తరం గోడకు కొత్త తెర కట్టి ఉంది. తెర మీద వాగ్దాన వచనాల క్యాలెండరు. యాజకుడు రాకముందు సామాను బయట పెట్టమంటుంది ధర్మశాస్త్రం. అన్న వస్తున్నాడని మా చెల్లెలు ఉన్న సామాను అలాగే ఉంచి, గోడకే ముసుగేసింది. తెర జరిపాను. తడిసిన గోనెసంచి వాసన వచ్చింది. బీరువా వెనక నుంచి మొదలై, మోకాలి ఎత్తు నుంచి మనిషి ఎత్తు దాకా నల్లపచ్చ బూజు. వేలు పెడితే జిగటగా తగిలింది.

"ఇదెప్పటి నుంచి?"

"అరచేతంత ఉండె. ఉపవాస ప్రార్థన మొదలుపెట్టినంక గింత అయింది. సాతాను ఓర్వలేక పెంచుతున్నడు."

మచ్చ పోవాలని రోజూ మధ్యాహ్నం అదే గదిలో ఉపవాస కూడిక పెట్టారట. అందరూ గోడ వైపు తిరిగి, చేతులు చాపి ప్రార్థిస్తున్నారట.

ఇక కోడలి సంగతి. నిడమనూరు నుంచి వచ్చే ఒక అక్కకు దర్శనాలు కలుగుతాయని పేరు. ఒక గురువారం ఆమె కళ్లు మూసుకుని ఉండగా, ఏదో నల్లటిది తూర్పు దిక్కు నుంచి ఈ ఇంట్లోకి నడిచి వచ్చినట్టు కనబడిందట. కళ్లు తెరిచి, అందరూ వింటుండగా చెప్పింది. మిర్యాలగూడకు తూర్పు అంటే ఎన్నో ఊళ్లున్నాయి. కాని ఆ ఇంట్లోకి తూర్పు నుంచి వచ్చిన మనిషి ఒక్కతే. మోతె పిల్ల. వాళ్లది గొర్రెలు కాసే కుటుంబం. ఈ పిల్ల పెళ్లికి ముందే బాప్తిస్మం తీసుకుంది, పుట్టింటివాళ్లు తీసుకోలేదు. వాళ్లమ్మ పెళ్లిలో ఇచ్చిన ఇత్తడి చెంబు ఒకటి వంటింట్లో ఉండేది. మొదట, అన్యుల ఇంటిదని, ఆ చెంబు ఇంట్లోంచి వెళ్లిపోయింది. మచ్చ తగ్గలేదు. ఆ తరువాత పిల్ల వెళ్లిపోయింది. గొర్రెలు కాసిన పిల్లవాణ్ణి పిలిచి రాజుగా అభిషేకించిన కథను వేదికల మీద కన్నీళ్లతో చెప్పే సంఘం మాది.

"నువ్వు పొమ్మన్నవా?" అని అడిగాను.

"నేనెందుకంట అన్నా! అక్క కూడికల అన్నది, అందరు విన్నరు. ఆ పిల్లే బ్యాగు సదురుకున్నది."

"నువ్వు ఉండుమన్నవా?"

మా చెల్లెలు క్యాలెండరు సరిచేసింది.

"సూడమ్మా, ఆ అధ్యాయంల మొదలు నుంచి చివరి దాకా, ఈ పొడ ఎవరి వల్ల వచ్చిందని యాజకుడు ఒక్కసారి గూడ అడగడు. గోడ గీకమన్నడు. మనుషులను గీకమనలే."

"మరి తూర్పు నుంచి వచ్చిందన్నది గదా?"

"పొద్దు గూడ తూర్పు నుంచే వస్తది."

"నీకన్నీ ఎకసెక్కాలే అన్నా."

మా మేనల్లుడు సాయంత్రం మిల్లు నుంచి వచ్చాడు. రైసుమిల్లులో సూపర్‌వైజరు. వచ్చిన ధాన్యంలో తేమ ఎంతుందో మీటరు పెట్టి చూసి, ఎక్కువుంటే లారీని వెనక్కి పంపడం అతని ఉద్యోగం. తల్లి ముందు మాత్రం మాట ఉండదు. ఆదివారం ఆరాధన కాగానే బండేసుకుని మోతె పోయి, పొద్దుగూకేసరికి వచ్చేవాడట. ఇంట్లో బూజు తీసే మనిషి కోదాడలో ఉన్నాడని అతనే చెప్పాడు. ఆటో వెనక బోర్డు చూశాడట.

ఆ కోదాడ మనిషి ఇద్దరు పనివాళ్లతో వ్యానులో దిగాడు. నుదుట పెద్ద బొట్టు, చేతిలో రెండు ఫోన్లు. ప్రార్థన గది అనగానే చెప్పులు గుమ్మం బయట విడిచాడు. మా సంఘంలో చెప్పులతోనే వచ్చేవాళ్లున్నారు. మా చెల్లెలు బొట్టు చూసి ముడిచిన మొహం, చెప్పులు చూసి కొంచెం విప్పింది.

అతను గోడ కింది భాగాన ఒక మీటరు ఆనించి, అది కూత పెట్టగానే తీర్పు చెప్పేశాడు.

"ఇది కాలవ నీరండీ మాస్టారూ. ఎడమ కాలవకి నీళ్లొదిలారంటే మీ మిర్యాలగూడలో పునాదులన్నీ తాగుతాయి. అడుగు నుంచి పైకి పాకుద్ది. మనకాడ మందుంది. గ్యారంటీ నాది."

"మరి మోకాలి కింద ఏం లేదేంది? పైననే ఉన్నది గదా" అన్నాడు మా మేనల్లుడు.

"అదే దాని తెలివండీ."

దర్శనం చెప్పే అక్కకు ఉన్న ధైర్యమే ఇతనికీ ఉంది. కాకపోతే ఆమెకు తూర్పు కనబడింది, ఇతనికి కాలవ.

ముందు గదంతా ఖాళీ చేయించాడు. మూతికి మాస్కులు కట్టుకుని పనివాళ్లు బూజుకు మందు కొట్టారు. తరువాత గోడను ఇటుక కనిపించేదాకా గీకారు. రాలినదంతా సంచుల్లో మూటగట్టి ఊరి బయట పారేయమన్నాడు. కొత్త సిమెంటు పూసి, అది ఆరేదాకా వారం రోజులు గది వాడొద్దన్నాడు. నేను గుమ్మంలో నిలబడి వింటూ ఆశ్చర్యపోయాను. ఆ అధ్యాయం అతను జన్మలో చదివి ఉండడు. కాని రెండు పక్షులు తెచ్చి ఒకదాన్ని ఎగరేయడం తప్ప, అందులో ఉన్నదంతా వరుసగా చేయిస్తున్నాడు. చదివినవాళ్లమేమో తెర కట్టి క్యాలెండరు తగిలించాం.

వారం రోజులు కూడిక పెరట్లో రేకుల కింద జరిగింది. గోడ శుభ్రంగా ఉంది. ఆ తరువాత కూడా కొన్నాళ్లు ఏమీ రాలేదు. మా చెల్లెలు ఫోన్‌లో ఏడ్చినంత పని చేసింది. దేవుడు విన్నాడు. కృతజ్ఞతగా అదే గదిలో వరుసగా ఉపవాస కూడికలు పెట్టారు. జనం ఎప్పటికన్నా ఎక్కువ వచ్చారట. ఆ రోజుల్లోనే కోడలు ఒక మధ్యాహ్నం వచ్చి, తన చలికోటు, చీరలు తీసుకుని, అత్తకు వందనాలు చెప్పి వెళ్లింది. ఉండిపొమ్మంటారేమోనని చూసిందని మేనల్లుడు తరువాత నాతో అన్నాడు.

మర్నాడు బీరువా వెనక బూజు మళ్లీ కనబడింది.

"ఆ పిల్ల కాలు పెట్టింది, మల్ల వచ్చింది" అంది నిడమనూరు అక్క. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? కోదాడ మనిషి మందు కూడా ఆమె వాదానికే బలమిచ్చింది. సిమెంటుకు లొంగనిది మామూలు చెమ్మ కాదు కదా.

ఈసారి మా చెల్లెలి గొంతులో భయం ఉంది. "అన్నా, ఆ పిల్ల ఇగ రాకుంటనే మంచిదేమో. కూడికల కొందరు వేరే మాటలు గూడ అంటున్నరు. సంబంధమే దేవుని చిత్తం గాదంటున్నరు."

"నీ కొడుకేమంటున్నడు?"

"వాడేమంటడు? కిరాయి ఇల్లు సూస్కుంట అంటడు. నా ఇల్లు రెండు ముక్కలు అయితది అన్నా."

అంతవరకు నాకు గోడ ఒక వింత. అప్పటి నుంచి కాదు. నేను కూడా పెద్దగా నిలబడి దీవించిన పెళ్లి అది. కోదాడకు ఫోన్ చేసి, గ్యారంటీ అన్నావు గదా, రమ్మన్నాను. వస్తానన్నాడు గాని, గురువారం తప్ప కుదరదన్నాడు.

మేం వెళ్లేసరికి కూడిక జోరు మీదుంది. తలుపు మూసి ఉంది. మధ్యలో పనివాణ్ణి లోపలికి పంపడం కుదరదని మా చెల్లెలు తలుపు ఓరగా తీసి సైగ చేసింది. చివరికి అతను చేతి గడియారమంత మీటరు ఒకటి నాకిచ్చి, గాలిలో తేమ చూపిస్తుంది, బీరువా మీద పెట్టి రమ్మన్నాడు. పెట్టి, పక్కన కూర్చుని పాటలో కలిశాను. పెట్టినప్పుడు ఉన్న అంకె పాట అయిపోయేసరికి లేదు. పెరిగింది. ప్రార్థనలో ఇంకా పెరిగింది. అందరూ గోడ వైపు తిరిగి చేతులు చాపి, ఒక్కసారిగా గొంతెత్తినప్పుడు నేను కళ్లు మూసుకోలేకపోయాను. వేలు గోడకు ఆనించాను. తడి. ఏసీ గాలికి చల్లబడిన గోడ మీద, చల్లనీళ్ల చెంబుకు పట్టినట్టు, సన్నటి నీటి బొట్లు.

బయటికి వచ్చి చెప్పాను. అతను ఇల్లు చుట్టి వెళ్లి, అదే గోడను అవతలి నుంచి తడిమి వచ్చాడు. బొట్టు కింద మొహం పాలిపోయింది.

"మాస్టారూ, బయట పొడిగా ఉందండీ. అడుగూ పొడిగానే ఉంది. కాలవ కాదు. నాదే పొరపాటు." చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "లోపల ఎంతమందున్నారు?"

"గది నిండా."

"వంటేమన్నా చేస్తున్నారా?"

"ప్రార్థన చేస్తున్నరు."

"నేననకూడదు గానండీ... అదే. ఇంతమంది ఊపిరి. చెమట. పోయే దారి లేదు. మీరు దాని కోసం ఎంత గట్టిగా... అంటే, ఎంత ఎక్కువగా చేస్తే..."

పాపం, అక్కడ ఆగాడు. మిగతాది నాకే అర్థమైంది. మచ్చ పోవాలని మేం చేసిన ప్రతి ఉపవాస కూడికా దానికి ఒక పూట భోజనం.

ప్రార్థన అంత పని చేయగలదని నమ్మేవాణ్ణి నేను. ఇప్పటికీ నమ్ముతాను. దేవుడికి మా మాటలు అందే ఉంటాయి. ఊపిరి మాత్రం గదిలోనే ఉండిపోయింది. దాన్ని ఆయన మీద వేయలేం.

ముగింపు ప్రార్థన కాగానే లోపలికి వెళ్లి, కిటికీ స్పాంజి తీయించమన్నాను. ఎందుకని మా చెల్లెలు అడ్డం వచ్చింది. తీస్తే తెలుస్తుందన్నాను. కోదాడ మనిషి ఒక మూల పట్టి లాగాడు. షీటు వెనక భాగం గోడకన్నా నల్లగా ఉంది. రెండో కిటికీ షీటు ఇంకా నలుపు. కింద నీళ్లు కారాయి. గదంతా తడి గోనెసంచి వాసన కమ్మేసింది. పెద్దవూర నుంచి వచ్చిన ముసలామె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ఓ దేవా, ఇది మొత్తం మనం పీల్సినమా?" అంది.

"మనం వదిలిందే అమ్మా" అన్నాను.

నిడమనూరు అక్క షీటును ఎగాదిగా చూసింది. "నల్లగ కనబడ్డది అన్న గదా బ్రదర్. నలుపైతే నిజమే."

ఆ సాయంత్రం బీరువా గోడకు దూరంగా జరుపుతున్నప్పుడు మా మేనల్లుడు నోరు విప్పాడు. "మిల్లుల బస్తాలు గోడకు ఆనించం మామా. గాలాడకుంటే బూజు పడ్తది. గోదాము మూసి పెడితే అంతే."

"ఈ ముక్క ఇంట్ల ఎందుకు చెప్పలేదురా?"

"ఇంట్ల నన్నెవరు అడిగిన్రు?"

గోడకు మళ్లీ మందు కొట్టి, గీకి, పూశారు. ఈసారి గోడ పైభాగాన గాలి బయటికి తోసే ఫ్యాను పెట్టారు. కిటికీలకు దోమల జాలీ మిగిలింది. పక్కింటాయనతో నేనే మాట్లాడాను. ఆయన బిడ్డ చదువు ఎప్పుడో అయిపోయిందట, ఉద్యోగం కూడా చేస్తోందట. గురువారాలు వచ్చాయి, పోయాయి. గోడ తెల్లగానే ఉంది.

అప్పుడు మేనల్లుడూ నేనూ కోడలిని తీసుకురావడానికి మోతె వెళ్లాం. ఆ పిల్ల దొడ్లో గొర్రెపిల్లకు పాలు తాగిస్తోంది. నన్ను చూసి చేతులు కడుక్కుని, నీళ్లిచ్చింది. జరిగిందంతా చెప్పాను. శ్రద్ధగా వింది.

"గోడ మంచిగైంది. సంతోషం పెద్దనాయనా."

"మరి బ్యాగు సదురుకో బిడ్డా."

"నా మాట కూడికల అన్నరు. అందరి ముందల. నేను గాడనే గుమ్మం కాడ నిలవడి విన్న. ఇప్పుడు ఇంట్ల మెల్లగ రమ్మంటే ఎట్ల? ఎక్కడ అన్నరో గాడనే గాదని చెప్పాలె. అత్తమ్మే చెప్పాలె. అప్పుడొస్త."

"చెప్పకపోతే?" అని ఆమె భర్త అడిగాడు.

"నువ్వు ఆదివారం ఆదివారం వస్తనే ఉన్నవ్ గదా."

వాళ్లమ్మ పక్కన నిలబడి నవ్వు ఆపుకుంది. నాకు ఆ పిల్ల మాటలో తప్పు కనబడలేదు. గోడ బాగుపడిందని యాజకుడు చూసి, బయటికి చెప్పాలి. అప్పుడే అది శుద్ధి. మనుషులకు మాత్రం తక్కువ విధి ఎందుకు?

మా చెల్లెలికి చెప్పాను. రాత్రి అన్నం తినలేదు. పొద్దున, "వస్తే రమ్మను" అంది. అంతకన్నా ఏమీ అనలేదు.

ఆ గురువారం కిటికీలు తెరిచి ఉన్నాయి. కోడలు వచ్చి గుమ్మం దగ్గర, బయటే నిలబడింది. సాక్ష్యాల సమయంలో మా చెల్లెలు లేచింది. దేవునికి స్తోత్రం అంది. పాస్టరు అయ్యగారికి వందనాలంది. కోదాడ మనిషిని జ్ఞాపకం చేసుకుంది. ఫ్యాను గురించి చాలాసేపు చెప్పింది. ఆ ఫ్యాను గురించి అంత చెప్పడానికేమీ లేదు. ప్రతి వాక్యానికీ ఆడవాళ్లు ఆమెన్ అంటున్నారు. నేను కోడలి వైపు చూడలేదు. ఆ పిల్ల చెప్పులు ఇంకా కాళ్లకే ఉన్నాయని మాత్రం కనబడుతోంది.

మా చెల్లెలు నీళ్లు తాగింది. గ్లాసు కింద పెట్టింది.

"ఆ నలుపు మా కోడలు తెచ్చింది గాదు" అంది. "మనం లోపల కూసొని చేసుకున్నదే. ఆ పిల్ల మీద ఏసినం. నేను గూడ నోరు మూసుకొని కూసున్న. అది తప్పు."

అలవాటు కొద్దీ అందరూ ఆమెన్ అన్నారు. దేనికి అన్నారో అన్నాక తెలిసింది. కోడలు చెప్పులు విడిచి లోపలికి వచ్చి కూర్చుంది.

"ముగింపు ప్రార్థన మా కోడలు చేస్తది" అంది మా చెల్లెలు. మా సంఘంలో ముగింపు ప్రార్థన అంటే చిన్న విషయం కాదు. ఆ పిల్ల లేచి కళ్లు మూసుకుంది. "ప్రభువా, మా అత్తమ్మకు బలం ఇయ్యి. మా అత్తమ్మ మోకాళ్ల నొప్పులు తగ్గించు. మా అత్తమ్మ నోటితోని ఇయ్యాల సెప్పించినవ్, అది ఎంత కష్టమో నీకు తెల్సు. మా అత్తమ్మను దీవించు." ఆమెన్ అన్నవాళ్లలో నిడమనూరు అక్క గొంతే పెద్దది.

జనం వెళ్లాక మా చెల్లెలు వంటింట్లో చాయ్ పెడుతూ అక్కడి నుంచే అంది:

"ప్రార్థన బాగనే చేసినవ్ గని, నా పేరు అన్ని సార్లు తియ్యాల్నా?"

"మీరందరు నా పేరు తీసినన్ని సార్లు తియ్యలే అత్తమ్మా."

మా చెల్లెలు చాయ్ తెచ్చి మొదటి గ్లాసు కోడలికిచ్చింది, రెండోది నాకు. నేను ఇంటికి పెద్దను, సంఘానికి పెద్దను, సూర్యాపేట నుంచి పని కట్టుకుని వచ్చినవాణ్ణి. ఆ ఇంట్లో నాకు రెండో గ్లాసు రావడం అదే మొదలు. ఆ క్రమంలో నాకేమీ తప్పు కనబడలేదు. చాయ్ కూడా బాగుంది.